ఓటుకు ముందు బడి: రాబర్ట్ స్మాల్స్ జీవితం

అమెరికా దక్షిణ భాగాన, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున సౌత్ కరోలినా రాష్ట్రం ఉంది. దాని తీరమంతా దీవులు, ఉప్పుటేర్లు, ఒకప్పుడు బానిసల చేత సాగు చేయించిన వరి పొలాలు. అక్కడ బానిసగా పుట్టి, శత్రువు ఫిరంగుల ముందు నుంచే ఓడ నడుపుకుపోయి స్వేచ్ఛ సంపాదించుకున్న రాబర్ట్ స్మాల్స్ పేరు మన ఉపాధ్యాయుల్లో కొందరైనా వినే ఉంటారు. అయితే చాలామంది ఆ ఓడ కథ దగ్గరే ఆగిపోతారు. ఓడ దిగాక ఆయన ఇంకా 53 ఏళ్లు బతికారు. ఆ కాలంలో ఆయన పోరాటమంతా బడి కోసం, ఓటు కోసం. మేము ఈసారి ఆ రెండో సగాన్ని కూడా చెప్పదలచుకున్నాం.

కథలోకి వెళ్లే ముందు రెండు విషయాలు. ఇక్కడ కాంగ్రెస్ అంటే మన కాంగ్రెస్ పార్టీ కాదు, అమెరికా చట్టసభ. అందులోని ప్రతినిధుల సభ మన లోక్‌సభ వంటిది. జనాభాను బట్టి ఒక్కో రాష్ట్రానికి కొన్ని సీట్లు వస్తాయి. సీటుకొక నియోజకవర్గం, రెండేళ్లకోసారి ఎన్నిక. నియోజకవర్గాన్ని వాళ్లు డిస్ట్రిక్ట్ అంటారు. ఇక పార్టీల సంగతి. ఆ రోజుల్లో రిపబ్లికన్ పార్టీ అంటే లింకన్ పార్టీ. విముక్తులైన బానిసలు దాని వెంట నడిచారు. సౌత్ కరోలినాలో డెమోక్రాటిక్ పార్టీ పాత తెల్ల భూస్వాముల పక్షం. ఈనాటి పార్టీల తీరును బట్టి ఆనాటి వాటిని అంచనా వేయకూడదు.

పెరటి పాకలో పుట్టిన పిల్లవాడు

రాబర్ట్ 1839 ఏప్రిల్ 5న బ్యూఫోర్ట్ అనే చిన్న రేవు పట్నంలో పుట్టారు. తల్లి లిడియా పోలైట్, హెన్రీ మెకీ అనే తెల్ల యజమాని ఇంట్లో బానిస. ఆ పెద్ద ఇంటి వెనుక బానిసలు ఉండే పాకలో ఆమెకు కాన్పు అయింది. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అన్నది అక్కడి చట్టం. బానిసకు చదవడం, రాయడం నేర్పితే శిక్ష వేసే చట్టం ఆ రాష్ట్రంలో 1834 నుంచి అమల్లో ఉంది. అంటే రాబర్ట్‌కు అక్షరం ముట్టకూడదన్న నిర్ణయం ఆయన పుట్టడానికి అయిదేళ్ల ముందే జరిగిపోయింది.

తల్లి దీవుల నుంచి వచ్చిన మనిషి. ఆ దీవుల్లో నల్లజాతి వారు మాట్లాడుకునే భాష గల్లా. ఇంగ్లీషు మాటలూ, ఆఫ్రికా భాషల నుడికారమూ కలిసి పుట్టిన భాష అది. చదువుకున్నవారు దాన్ని చెడిపోయిన ఇంగ్లీషని వెక్కిరించేవారు. రాబర్ట్‌కు అదే ఇంటి భాష. పెద్దయి చట్టసభల్లో కూర్చున్నా ఆయన దాన్ని వదల్లేదు. దీవుల ఓటర్ల దగ్గరకు వెళ్తే వాళ్లతో గల్లాలోనే మాట్లాడేవారు. ఆయనకు అంత ఆదరణ ఉండటానికి అదొక ముఖ్య కారణమని చరిత్రకారులు చెబుతారు.

యజమాని ఇంట్లో రాబర్ట్‌ను కొంచెం ముద్దుగానే చూసేవారు. తల్లికి అదే భయం. బానిసత్వం అంటే ఏమిటో పిల్లవాడికి తెలియకుండా పోతుందని, బానిసలను కట్టేసి కొరడాతో కొట్టే చోటికి కొడుకును తీసుకెళ్లి చూపించేదని చెబుతారు.

రేవులో నేర్చిన పని

12 ఏళ్ల వయసులో ఆయన్ను చార్లెస్టన్ నగరానికి కూలి పనికి పంపారు. సంపాదన యజమానిది, వారానికి ఒక డాలరు మాత్రం తనకు మిగిలేది. మొదట హోటల్లో పని, తర్వాత వీధి దీపాలు వెలిగించే పని, ఆ తర్వాత రేవు. రేవులో సరుకు ఎత్తారు, తాళ్లు కట్టారు, తెరచాపలు కుట్టారు, చివరికి చుక్కాని పట్టారు. ఎక్కడ లోతు, ఎక్కడ ఇసుక మేట, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నీ చూపుతోనే నేర్చుకున్నారు. చేసేది సరంగు పనే అయినా ఆ పేరు తెల్లవాడికే చెల్లేది. నల్లవాణ్ని చుక్కాని పట్టేవాడు అనేవారు, అంతే.

17 ఏళ్ల వయసులో హానా జోన్స్‌ను పెళ్లాడారు. ఆమె హోటల్లో పనిచేసే బానిస. 1858లో కూతురు ఎలిజబెత్ పుట్టింది. భార్యనూ కూతురినీ కొనుక్కుంటానని రాబర్ట్ ఆమె యజమానిని అడిగితే 800 డాలర్లు చెప్పాడు. ఈయన దగ్గర కూడబెట్టినవి 100 డాలర్లు. మిగిలిన సొమ్ము ఎన్నేళ్లకు సమకూరుతుందో, ఈలోగా భార్యాబిడ్డలను ఎవరికైనా అమ్మేస్తే ఏం చేయాలో తెలియని స్థితి. పారిపోవాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

కెప్టెన్ టోపీ, తెల్ల దుప్పటి

1861 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం వచ్చింది. బానిసత్వం నిలుపుకోవాలన్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి వేరే ప్రభుత్వం పెట్టుకున్నాయి. తొలి ఫిరంగులు పేలింది చార్లెస్టన్ రేవు ముఖద్వారంలోని సమ్టర్ కోట మీదే. రాబర్ట్‌ను ప్లాంటర్ అనే సైనిక రవాణా ఓడలో పనికి పెట్టారు. రేవు బయట సముద్రంలో లింకన్ ప్రభుత్వపు నౌకాదళం కాపు కాసి ఉంది. అక్కడి దాకా చేరగలిగితే స్వేచ్ఛ. మధ్యలో వరుసగా కోటలు.

1862 మే 12 రాత్రి ఓడలోని ముగ్గురు తెల్ల అధికారులు నిబంధనకు విరుద్ధంగా ఓడను బానిస సిబ్బందికి వదిలి ఇళ్లకు వెళ్లారు. తెల్లవారుజామున సుమారు 3 గంటలకు రాబర్ట్, ఆయన తోటివారు ఓడను కదిలించారు. దగ్గర్లోని మరో రేవులో ఆగి, దాగి ఉన్న ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కించుకున్నారు. అంతా కలిపి పదహారు మంది దాకా. పట్టుబడితే లొంగిపోకుండా ఓడను ముంచేసి తామూ మునిగిపోవాలని ముందే అనుకున్నారు.

రాబర్ట్ కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకుని, ఆయన నిలబడే తీరులోనే నిలబడ్డారు. ఒక్కో కోట దాటేటప్పుడు మోగించాల్సిన కూత ఏదో ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ పక్కన నిలబడి విన్నవే. సమ్టర్ కోట ముందు సంకేతం ఇచ్చి, తొందరపడకుండా రోజూ వెళ్లినట్టే వెళ్లారు. ఫిరంగుల దూరం దాటాక దక్షిణాది జెండా దించి, హానా తెచ్చిన తెల్ల దుప్పటిని ఎగరేశారు. ఉత్తరాది ఓడ ఆన్‌వర్డ్ నావికులు కాల్పులకు సిద్ధమైన క్షణంలో ఆ దుప్పటి కంటపడింది.

ఓడతో పాటు ఫిరంగులు, సంకేతాల పుస్తకం, రేవులో మందుపాతరలు ఎక్కడున్నాయన్న సమాచారం ప్రభుత్వానికి చేరాయి. రాబర్ట్‌కు 1,500 డాలర్ల బహుమతి ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 23. అదే ఏడాది వాషింగ్టన్ వెళ్లి, నల్లజాతి వారిని సైన్యంలో చేర్చుకోవాలని కోరిన వారిలో ఆయన ఒకరు. పోర్ట్ రాయల్ ప్రాంతంలో 5,000 మందిని చేర్చుకోవడానికి ఆ తర్వాత అనుమతి వచ్చింది. 1863 చివర్లో ప్లాంటర్ శత్రువుల కాల్పుల్లో చిక్కుకున్నప్పుడు తెల్ల కెప్టెన్ బొగ్గు గదిలో దాక్కుంటే, రాబర్ట్ చుక్కాని అందుకుని ఓడను బయటపడేశారు. అప్పటి నుంచి ఆ ఓడకు ఆయనే కెప్టెన్.

25 ఏళ్లకు అక్షరాలు

1864లో మరమ్మతుల కోసం ఓడను ఫిలడెల్ఫియాకు తీసుకెళ్లారు. పని నెలల తరబడి సాగింది. ఆ సమయంలో రాబర్ట్ ఉపాధ్యాయులను పెట్టుకుని చదవడం, రాయడం నేర్చుకున్నారు. దేశమంతా పత్రికల్లో పేరు మోగిన మనిషి, ఓడకు కెప్టెన్, 25 ఏళ్లవాడు అక్షరాలు దిద్దడానికి కూర్చున్నారు. సాయంత్రం బడికి వచ్చే పెద్దవాళ్లకు పాఠం చెప్పిన ఉపాధ్యాయులకు ఆ పని ఎంత కష్టమో తెలుసు. పిల్లలకు అక్షరం రాకపోవడం సహజం. పెద్దవాళ్లకు రాకపోవడం సిగ్గు. ఆ సిగ్గును దాటాలి.

అదే నగరంలో ఒక వాన రోజున ఆయన ట్రాము బండి ఎక్కితే, తెల్లవారికి చోటివ్వడానికి దిగిపొమ్మన్నారు. ఆయన దిగి నడిచి వెళ్లారు. ఈ వార్త పెద్ద గొడవకు దారితీసింది. 1867లో ఆ రాష్ట్రంలో ట్రాముల్లో వర్ణ వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

పన్ను బకాయి కింద బ్యూఫోర్ట్‌లో మెకీ ఇల్లు వేలానికి వచ్చినప్పుడు రాబర్ట్ దాన్ని కొన్నారు. ఏ ఇంటి పెరట్లో బానిసగా పుట్టారో ఆ ఇంటికే యజమాని అయ్యారు. తల్లి లిడియా ఆ ఇంట్లోనే ఉండి కన్నుమూసింది. యుద్ధం తర్వాత చితికిపోయిన మెకీ కుటుంబానికి ఆయన ఆసరా ఇచ్చారని, మతి తప్పిన పాత యజమానురాలు అది ఇంకా తన ఇల్లే అనుకుని వస్తే ఉండనిచ్చారని బ్యూఫోర్ట్‌లో చెప్పుకుంటారు. నల్లజాతి పిల్లల బడి కోసం ఆ పట్నంలో భవనం కొనడంలోనూ ఆయన ముందున్నారు.

1868లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం రాయడానికి చార్లెస్టన్‌లో సభ కూర్చుంది. ప్రతినిధుల్లో నల్లజాతి వారే ఎక్కువ మంది. ఆ సభలో స్మాల్స్ పట్టుబట్టిన విషయం బడి. రాష్ట్రమంతటా ఉచిత బడులు ఉండాలి, పిల్లలందరూ రావాలి, ఏ రంగు పిల్లలకూ తలుపు మూయకూడదు అన్నది ఆయన తీర్మానం సారాంశం. రాష్ట్రవ్యాప్త ప్రభుత్వ బడుల ఏర్పాటు ఆ రాజ్యాంగంతోనే సౌత్ కరోలినాకు వచ్చింది. నిర్బంధ హాజరు చాలావరకు కాగితం మీదే ఉండిపోయింది. అయినా తెల్ల పేదల పిల్లలకు కూడా ప్రభుత్వ ఖర్చుతో చదువు అన్న హక్కు ఇచ్చింది నిన్నటి బానిసలు కూర్చున్న సభే.

అయిదో నియోజకవర్గం

రాష్ట్ర శాసనసభలోనూ సెనేట్‌లోనూ పనిచేశాక, 1874లో ఆయన కాంగ్రెస్‌కు పోటీ చేశారు. అప్పట్లో సౌత్ కరోలినాకు అయిదు నియోజకవర్గాలు. రాష్ట్ర జనాభాలో నూటికి 60 మంది నల్లజాతి వారు. బ్యూఫోర్ట్ ఉన్న అయిదో నియోజకవర్గంలో వారి సంఖ్య ఇంకా ఎక్కువ. స్మాల్స్ సునాయాసంగా గెలిచారు. 1875 మార్చిలో సభలో అడుగుపెట్టారు.

రెండేళ్లలో పరిస్థితి తలకిందులైంది. 1876 ఎన్నికల ఏడాది జులైలో హాంబర్గ్ అనే ఊళ్లో నల్లజాతి రక్షకదళం వారిని తెల్ల సాయుధులు చంపేశారు. ఎర్ర చొక్కాలు తొడుక్కున్న గుర్రపు దళాలు రిపబ్లికన్ సభల చుట్టూ తిరుగుతూ, ఓటర్లను బెదిరించాయి. అదే వేసవిలో కాంబహీ నది ఒడ్డున వరి పొలాల కూలీలు సమ్మెకు దిగారు. కూలి డబ్బుగా ఇవ్వకుండా, పొలం యజమాని దుకాణంలోనే చెల్లే చీటీలు ఇవ్వడం వారి గోడు. ఆయుధాలతో ఇరుపక్షాలూ ఎదురెదురుగా నిలిచిన చోటికి స్మాల్స్ వెళ్లి, రక్తపాతం లేకుండా సర్దుబాటు చేశారు.

ఆ ఎన్నికలో ఆయన ప్రత్యర్థి ఎడ్జ్‌ఫీల్డ్‌కు చెందిన జార్జ్ టిల్‌మన్. స్మాల్స్ గెలిచారు గానీ ఈసారి వచ్చినవి నూటికి 52 ఓట్లే. 1877లో దక్షిణాదిన కేంద్ర సైన్యం వెనక్కి తగ్గింది. ఓటరుకు ఉన్న ఆ కాస్త రక్షణా పోయింది.

అదే ఏడాది స్మాల్స్ మీద లంచం కేసు పెట్టారు. శాసనసభలో ఉన్నప్పుడు ముద్రణ కాంట్రాక్టు విషయంలో 5,000 డాలర్లు తీసుకున్నారని అభియోగం. ప్రధాన సాక్షి ఆ వ్యవహారంలో తానే ఇరుక్కున్నవాడు. కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. అప్పీలు మీద ఆయన బయటికొచ్చారు. తాను నిర్దోషినని చివరిదాకా అన్నారు. ఎన్నికల అక్రమాల మీద డెమోక్రాట్లపై ఉన్న కేంద్ర కేసులు వదిలేసే ఒప్పందంలో భాగంగా 1879లో గవర్నర్ ఆయనకు క్షమాభిక్ష ఇచ్చారు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ భాగాన్ని దాటేయకూడదని మా అభిప్రాయం. గొప్పవారి జీవితంలో మచ్చ అనిపించేది కూడా చెబితేనే, అది ఎవరు పెట్టిన మచ్చ, ఎందుకు పెట్టారు అని పిల్లలు అడుగుతారు.

1878లో గిలిసన్‌విల్ అనే ఊళ్లో స్మాల్స్ ఎన్నికల సభకు వెళ్తే ఎర్ర చొక్కాల వారు వందల సంఖ్యలో చుట్టుముట్టారు. ఆయన ఒక దుకాణంలో తలదాచుకోవాల్సి వచ్చింది. గోడలకు తూటాలు తగిలాయి. సంగతి తెలిసి చుట్టుపక్కల నల్లజాతి రైతులు చేతికందింది పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు గానీ ఆ ఎన్నికలో ఓడిపోయారు.

1880లో మళ్లీ టిల్‌మన్‌తో పోటీ. లెక్క ప్రకారం టిల్‌మన్ గెలిచారన్నారు. స్మాల్స్ ఊరుకోలేదు. ఎక్కడ ఓటర్లను తరిమేశారు, ఎక్కడ దొంగ ఓట్లు వేశారు అన్నది సాక్ష్యాలతో సహా కాంగ్రెస్ ముందు పెట్టారు. విచారణకు రెండేళ్ల పదవీకాలంలో ఎక్కువ భాగం గడిచిపోయింది. 1882 జులై 19న సభ ఆయనే ఎన్నికైనట్టు తేల్చింది. ఆ పదవి 1883 మార్చి 3తో ముగిసింది. గెలిచిన ఎన్నికకు దక్కింది ఏడున్నర నెలలు.

గీతలు, పెట్టెలు

తుపాకులతో గెలిస్తే కాంగ్రెస్ విచారణలో దొరికిపోతున్నామని రాష్ట్ర ప్రభుత్వానికి అర్థమైంది. 1882లో రెండు చట్టబద్ధమైన పనులు చేసింది.

మొదటిది గీతలు మార్చడం. కొత్త జనాభా లెక్కలతో సౌత్ కరోలినాకు ఏడు సీట్లు వచ్చాయి. అక్కడ నియోజకవర్గాల గీతలు గీసేది రాష్ట్ర శాసనసభే. నల్లజాతి ఓటర్లను వీలైనంత మందిని ఏడో నియోజకవర్గంలో కుక్కారు. దానికోసం కౌంటీల హద్దులు తెంచుకుంటూ, వంకరలు తిరుగుతూ తీరం వెంబడి, లోపలికి పాకే ఒక ఆకారం తయారైంది. ఆ ఒక్కటి వాళ్లకు వదిలేసి, మిగతా ఆరింటిలో తమకు ఎదురు లేకుండా చూసుకున్నారు.

ఇది పిల్లలకు నోటితో చెబితే అర్థం కాదు. తరగతిలో ఇలా చేయించవచ్చు. 25 మంది పిల్లలను తీసుకోండి. 15 మందికి ఎర్ర చీటీ, 10 మందికి పచ్చ చీటీ ఇవ్వండి. అయిదుగురు చొప్పున అయిదు గుంపులు చేయాలి. ఒక్కో గుంపులో ఎక్కువ మంది ఏ రంగైతే ఆ గుంపు సీటు ఆ రంగుది. ఎర్ర చీటీలు నూటికి 60 ఉన్నాయి, ఆనాటి సౌత్ కరోలినాలో నల్లజాతి జనాభా లాగే. ఇప్పుడు రెండు గుంపుల్లో మొత్తం ఎర్రవాళ్లనే కూర్చోబెట్టండి. పది మంది అయిపోయారు. మిగిలిన అయిదుగురిని తక్కిన మూడు గుంపుల్లోకి ఇద్దరు, ఇద్దరు, ఒకరుగా పంచండి. ఆ మూడు సీట్లూ పచ్చవే. ఒక్క చీటీ కూడా దొంగతనం జరగలేదు. పది మంది మూడు సీట్లు, పదిహేను మంది రెండు సీట్లు తెచ్చుకున్నారు. పిల్లలే ఇంకో విధంగా కూర్చుని చూస్తామంటారు. కూర్చోనివ్వండి. గీత గీసే చెయ్యి ఎవరిదన్నది ఎంత ముఖ్యమో వాళ్లకే తెలుస్తుంది.

రెండో పని ఎనిమిది పెట్టెల చట్టం. పోలింగ్ చోట ఒక్కో పదవికి ఒక్కో పెట్టె చొప్పున ఎనిమిది పెట్టెలు పెట్టారు. గవర్నర్‌కు ఒకటి, కాంగ్రెస్‌కు ఒకటి, ఇలా. పెట్టె మీద పదవి పేరు రాసి ఉంటుంది. ఒక పెట్టెలో వేయాల్సిన ఓటు ఇంకో పెట్టెలో పడితే చెల్లదు. చదవడం వచ్చినవాడు చదివి వేసుకుంటాడు. రానివాడికి అక్కడి ఎన్నికల అధికారే దిక్కు. ఆ అధికారి తన పార్టీ ఓటరుకు సరైన పెట్టె చూపిస్తాడు. ఎవరైనా ముందే లెక్కపెట్టుకుని మూడో పెట్టె అని గుర్తుపెట్టుకొస్తే, పెట్టెల వరుస మార్చేసేవారు. దీనికి తోడు ఓటరు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి; ఇల్లు మారితే మళ్లీ చేయించుకోవాలి. ఏటేటా పొలం మారే కౌలు రైతుకు ఇది ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

చట్టంలో ఎక్కడా నల్లజాతి అన్న మాట లేదు. చదివే హక్కు ఒకప్పుడు చట్టం పెట్టి లాక్కున్నవారే, ఇప్పుడు చదువు రాలేదని ఓటు లాక్కున్నారు. స్మాల్స్ 1868లో అన్నిటికన్నా బడి గురించే ఎందుకు పట్టుబట్టారో 1882 చూశాక తెలుస్తుంది.

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగిన 1951-52లో కూడా పోలింగ్ చోట ఎన్నో పెట్టెలు పెట్టారు. అభ్యర్థికొక పెట్టె, దాని మీద అతని గుర్తు. అక్షరం రాని మన తాతమ్మలు, అవ్వలు ఎద్దుల జతో, గుడిసో చూసుకుని ఆ పెట్టెలో కాగితం వేసి వచ్చారు. చదువు రానివాడి ఓటు పోకూడదని పెట్టిన పెట్టెలవి. నియోజకవర్గాల గీతలు కూడా మన దగ్గర శాసనసభ గీయదు, దానికి వేరే సంఘం ఉంది. ఏ ఏర్పాటూ లోపం లేనిది కాదు. అయినా ఈ తేడా ఎందుకు వచ్చిందో పై తరగతుల పిల్లల చేత ఆలోచింపజేయడం మంచిది. రాష్ట్రాల గీతలకు ఇవతల ఉండిపోయిన మన పిల్లలకు గీత అన్న మాట కొత్తదేమీ కాదు.

చివరి ఎన్నికలు

1882లో ఏడో నియోజకవర్గం నుంచి పార్టీ టికెట్ స్మాల్స్‌కు రాలేదు. ఎడ్మండ్ మెకీ అనే తెల్ల రిపబ్లికన్‌కు వచ్చింది. పాత యజమాని కుటుంబానికీ ఈయనకూ సంబంధం లేదు. 1884 జనవరిలో మెకీ మరణించడంతో ఖాళీ అయిన సీటుకు స్మాల్స్ ఎన్నికయ్యారు. నవంబరులో జరిగిన సాధారణ ఎన్నికలో డెమోక్రాట్ విలియం ఎలియట్‌ను ఓడించారు.

ఈ కాలంలో రైళ్లలోనూ, రాజధానిలోని భోజనశాలల్లోనూ వివక్ష పోవాలని ఆయన ప్రయత్నించారు, నెగ్గలేదు. నల్లజాతి వారిని మొదట సైన్యంలో చేర్చుకోవడానికి పూనుకున్న జనరల్ హంటర్ భార్యకు పింఛను ఇప్పించాలని బిల్లు తెస్తే, అధ్యక్షుడు క్లీవ్‌లండ్ తిప్పికొట్టారు. బ్యూఫోర్ట్ పక్కనున్న పోర్ట్ రాయల్‌లో నౌకాదళ కేంద్రం కోసం మాత్రం వదలకుండా తిరిగారు.

1886లో ఎలియట్ చేతిలో ఓడారు. పెట్టెల చట్టం, నమోదు చట్టం, లెక్కింపులో అక్రమాలు అన్నీ కలిసి పనిచేశాయి. మళ్లీ కాంగ్రెస్ ముందు సవాలు చేశారు. ఈసారి సభ వినలేదు. ఆయన కాంగ్రెస్ జీవితం 1887 మార్చితో ముగిసింది. 1889లో బ్యూఫోర్ట్ రేవులో సుంకాల అధికారిగా నియమితులై, మధ్యలో కొన్నేళ్లు తప్ప 1913 దాకా ఆ ఉద్యోగంలో ఉన్నారు.

1895లో రాష్ట్రం మరో రాజ్యాంగ సభను పిలిచింది. 160 మంది ప్రతినిధుల్లో నల్లజాతి వారు ఆరుగురే. వారిలో స్మాల్స్ ఒకరు. సభను నడిపించింది జార్జ్ టిల్‌మన్ తమ్ముడు బెంజమిన్. నల్లజాతి వారి ఓటు తీసేయడమే ఉద్దేశమని ఆయన దాచుకోలేదు. ఓటు పన్ను కట్టాలి, రాజ్యాంగంలో ఏ భాగం చూపినా చదవాలి, లేదా చదివి వినిపిస్తే అధికారికి నచ్చేలా అర్థం చెప్పాలి అని షరతులు పెట్టారు. పిల్లల బడులు కూడా రంగును బట్టి వేరు చేయాలన్నారు. 27 ఏళ్ల కిందట తాను కూర్చుని రాసిన రాజ్యాంగాన్ని తన కళ్ల ముందే కొట్టేస్తుంటే, 56 ఏళ్ల స్మాల్స్ లేచి మాట్లాడారు. తన జాతివారికి ప్రత్యేకమైన మేలు ఏదీ అడగలేదు, సమానమైన అవకాశం ఇవ్వమన్నారు. సభ ఒప్పుకోలేదు. చివర్లో సంతకం పెట్టనన్నారు. సంతకం పెట్టనివారికి దారి ఖర్చులు ఇవ్వకూడదన్న మాట వచ్చినప్పుడు, బ్యూఫోర్ట్‌కు నడిచైనా వెళ్తాను గానీ దీనిమీద సంతకం చేయనని చెప్పారు.

ఆ తర్వాత

మొదటి భార్య హానా 1883లో మరణించింది. 1890లో ఆయన ఆనీ విగ్ అనే ఉపాధ్యాయురాలిని పెళ్లాడారు. ఆమె కూడా 1895లో పోయింది. ప్లాంటర్ ఓడకు న్యాయంగా రావాల్సిన సొమ్ములో మరో 5,000 డాలర్లు 1900లో కాంగ్రెస్ ఆయనకు మంజూరు చేసింది. 1915 ఫిబ్రవరిలో, తాను పుట్టిన పెరడున్న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. బ్యూఫోర్ట్ టాబర్నకల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో సమాధి చేశారు.

సౌత్ కరోలినా నుంచి ఆ కాలపు చివరి నల్లజాతి సభ్యుడు జార్జ్ వాషింగ్టన్ మరే 1897లో కాంగ్రెస్ విడిచారు. అక్షరాస్యత పరీక్షలకు అడ్డుకట్ట వేసింది 1965 నాటి ఓటు హక్కుల చట్టం. ఆ రాష్ట్రం నుంచి మరో నల్లజాతి సభ్యుడు, జేమ్స్ క్లైబర్న్, సభలో అడుగుపెట్టింది 1993లో. మధ్యలో 96 ఏళ్లు. గీతల వివాదం ఇంకా అయిపోలేదు. బ్యూఫోర్ట్ కౌంటీ ఉన్న మొదటి నియోజకవర్గం పటం మీద వచ్చిన కేసు దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 మేలో కోర్టు ఆ పటాన్ని ఉండనిచ్చింది.

బ్యూఫోర్ట్‌లో ఇప్పుడు స్మాల్స్ పేరిట బడి ఉంది. 2023లో అమెరికా నౌకాదళం ఒక యుద్ధనౌకకు ఆయన పేరు పెట్టింది. అంతకుముందు దానికి ఉన్నది దక్షిణాది సైన్యం గెలిచిన ఒక యుద్ధం పేరు.

ఈ కథను అయిదో తరగతికి చెబితే ఓడ దగ్గర ఆపినా తప్పు లేదు. ఆ వయసుకు అది చాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు మాత్రం పెట్టెల దాకా చెప్పండి. ఇంట్లో తల్లిదండ్రులకు ఒక పని. మీ కుటుంబంలో మొదటిసారి ఓటు వేసింది ఎవరు, అప్పటికి వారికి చదవడం వచ్చా, రాకపోతే ఎలా వేశారు అన్నది పెద్దవాళ్లను అడిగి పిల్లల చేత నోటు పుస్తకంలో రాయించండి. అవ్వా తాతలు ఇంకా ఉన్న ఇళ్లలో ఈ పని ఈ సెలవుల్లోనే పూర్తి చేస్తే మంచిది.